తాడుకు పెట్టిన పేరు

పక్కింట్లో పసిబిడ్డకు పొగ వేస్తున్నారు. సాంబ్రాణిలో కాస్త గుగ్గిలం కూడా కలిపినట్టున్నారు, ఆ వాసన కిటికీలోంచి మెల్లగా వచ్చి వంటింట్లో నిలబడిపోయింది. పిండి కలుపుతున్న నా చెయ్యి ఆగింది. ఆ వాసనకు అందరికీ పసిపిల్లలు గుర్తొస్తారు కాబోలు. నాకు మాత్రం కొల్లూరు రేవు, పొగమంచు, అందులో సగం కట్టిన పడవ, దాని అతుకుల్లో నీళ్లు దూరకుండా గుగ్గిలం పూస్తున్న మస్తాన్ బాబాయి గుర్తొస్తారు.

మా ఆయన పోయిన ఏడాది అది. రేవు గట్టు మీది టిఫిన్ బండి ఇద్దరం కలిసి నడిపినది. పెద్ద పెనం పొయ్యి మీదికి ఎత్తాలన్నా ఇద్దరు ఉండాల్సిందే. "ఒక్కదానివి ఏం చేస్తావే, మూసేసి తెనాలి వచ్చెయ్యి" అని అన్నయ్య రోజూ ఫోన్ చేసేవాడు. వెళ్లాలని లేదు, ఉండగలననే ధైర్యమూ లేదు. రోజులు నిద్రలో నడిచినట్టు గడిచిపోయేవి.

ఒక ఉదయం మంచులోంచి మాటలు వినిపించాయి. "తమ్ముడూ, గట్టిగా పట్టుకోరా. వదిలావంటే చచ్చానే." ఇద్దరు పనిచేస్తున్నారనుకుని రెండు గ్లాసుల టీ పట్టుకెళ్లాను. తీరా చూస్తే బాబాయి ఒక్కరే. పొడవాటి చెక్క ఒక కొస ఆయన భుజం కింద ఉంది. రెండో కొసను ఒడ్డున పాతిన గుంజకు కట్టిన తాడు లాగిపట్టుకుని ఉంది.

"మీ తమ్ముడేరండి?" అన్నాను.

"ఇదిగో, ఈడే" అని తాడును చూపించారు. "మా తమ్ముడు పోయాక ఆ కొస పట్టుకునేవాళ్లు లేరమ్మాయి. పేరు పెట్టుకుంటే తోడుగా ఉంటదని." రెండో టీ కూడా ఆయనే తాగేశారు.

ఆయన పని చూస్తుంటే పొద్దు తెలిసేది కాదు. చెక్క మీద తడి గోనె కప్పడం, తాడుకు ఒక మెలి వేయడం, అది వంగేదాకా కూర్చోవడం, అప్పుడు ఒక్క మేకు. విసుగు రాదా అంటే, "చెక్కని వంచకూడదమ్మాయి, ఒప్పించాలి. ఇద్దరుంటే తోసెయ్యొచ్చు, ఒక్కడికి బతిమాలుకోవడమే" అనేవారు. నేనూ చిన్న పెనం కొన్నాను. పిండి గిన్నెను కదపకుండా తోడుకోవడం నేర్చుకున్నాను. పొయ్యికి ఒక పేరు కూడా పెట్టాను, అదేమిటో చెప్పను. సంత రోజు మాత్రం పెద్ద పెనం లేనిదే కాదు, అందుకని ఆ రోజు బండి మూసేసేదాన్ని. సంతనాడు మూసుకునే బండి ఎన్నాళ్లు నిలుస్తుంది? ఆ బెంగ లోపల తొలుస్తూనే ఉండేది.

చివరి చెక్క దగ్గర బాబాయి తాడు విప్పి, నేరుగా బండి దగ్గరికి వచ్చారు. "పడవ ముక్కు దగ్గర చెక్క రెండు వైపులా మెలి తిరగాలి. తాడుతో అవదు. కాస్త రా అమ్మాయి" అన్నారు, ఉప్పు అడిగినంత మామూలుగా. వెళ్లి పట్టుకున్నాను. ఆయన మేకు మీద వేసిన ఒక్కో దెబ్బా నా భుజాల దాకా వచ్చింది.

"ఇన్నాళ్లూ ఎవర్నీ అడగలేదుగా, ఇప్పుడు మొహమాటం అనిపించలేదా బాబాయ్?"

"అన్నీ అడిగితే మొహమాటం. ఒక్కటి అడగడానికేం?"

ఆ సాయంత్రం అన్నయ్యకు నేనే ఫోన్ చేశాను. "నేను తెనాలి రానన్నయ్యా. సంతనాడు పొద్దున్న మాత్రం నువ్వు రా. పెద్ద పెనం ఎత్తాలి." "ఎన్నింటికి రమ్మంటావు?" అన్నాడు.

బాబాయి ఇప్పుడు లేరు. ఏ పనైనా ముందు ఒక్కదాన్నే బతిమాలుకుని చూస్తాను. కాదని తెలిశాక సిగ్గుపడకుండా ఎవరి తలుపైనా తడతాను. అన్నయ్యకు జుట్టు నెరిసింది. సంత రోజు ఇప్పటికీ తొలి బస్సుకే దిగుతాడు.