ముబారక్ చేతులు

మదనపల్లె టమోటా మండీలో ఖాళీ బాక్సులు దించడం చూసేవాళ్లకు ఆటలాగా ఉంటుంది. లారీ మీద ఒకడు నిలబడి ప్లాస్టిక్ బాక్సు కిందికి విసురుతాడు. కింద ఉన్నవాడు దాన్ని గాలిలోనే పట్టి పక్కన పేరుస్తాడు. అది పేర్చి తలెత్తేలోగా ఇంకొకటి వస్తూ ఉంటుంది. ఆలోచించుకుని పట్టే పని కాదు. బాక్సు కంటపడగానే చేతులు వాటంతట అవే లేవాలి. లేవకపోతే మూతి పగులుతుంది.

ముబారక్ ఈ పని వాళ్ల నాయన ఖాజా మొహిద్దీన్ దగ్గర నేర్చుకున్నాడు. వాళ్లది పుంగనూరు. కాలేజీకి సెలవులొస్తే చాలు, తండ్రితోపాటు మొదటి బస్సెక్కి మండీకి వచ్చేవాడు. మండీ గేటు పక్కనే నా అంగడి. చెప్పులు కుడతాను, బూట్లకు అట్టలు వేస్తాను. అందుకే ఈ కథలో సగం నేను కూర్చున్నచోటి నుంచే చూశాను.

ఖాజాకు కొడుకు గురించి గొప్ప చెప్పుకోవడానికి ఒకే మాట ఉండేది. "మావోడు బాక్సు కింద పడేసింది మీరెవురన్నా సూసినారా?" అని హమాలీలందర్నీ అడిగేవాడు. ఎవరూ చూడలేదు.

ముబారక్‌ను ఫుట్‌బాల్‌లోకి తెచ్చింది వెంకటప్ప. కాలిపోయిన బోరు మోటార్లకు వైరు చుట్టే పని ఆయనది. సాయంత్రమైతే మైదానంలో పిల్లలకు ఆట నేర్పుతాడు. ఆయనకు మాత్రం ఎవరూ నేర్పలేదు. ఆడి, ఓడి, చూసి నేర్చుకున్నాడు. ఒకరోజు నా అంగడి ముందు నిలబడి, బాక్సులు పడుతున్న ముబారక్‌ను చాలాసేపు చూశాడు.

"ఖాజా, మీవోడు బాక్సును సూడ్డంల్యా. ఇసిరేవోడి నడుం సూస్తాండాడు. యా పక్కకొస్తాదో ముందే తెలుసుకుని ఆడ నిలబడుకోనుండాడు. నాకియ్యప్పా వీన్ని."

"తీసుకుపో అన్నా. ఇంట్లో తిండి ఖర్చన్నా తగ్గుతాది," అన్నాడు ఖాజా.

అలా ముబారక్ డిఫెండర్ అయ్యాడు. గోల్ కొట్టేవాడి పేరు ఊరంతా చెప్పుకుంటుంది. గోల్ పడకుండా ఆపినవాణ్ణి పక్కనున్నవాడు కూడా మరిచిపోతాడు. ముబారక్‌కు దాంతో పేచీ లేదు. ఎదుటివాడు కాలితో ఎన్ని వేషాలేసినా, వాడి నడుము తిరిగే వైపే వీడు వెళ్లి నిలబడేవాడు. ఇరవై ఏళ్లు నిండాక బెంగళూరు క్లబ్ ఒకటి ఒక సీజన్‌కు తీసుకుంది. జీతమిచ్చి, బస ఇచ్చి, ఆట ఆడమన్నారు. ఆ వార్త తెలిసిన రోజు ఖాజా మండీ అంతటికీ టీ పోయించాడు.

చిక్కు అక్కడే మొదలైంది. ఊరి ఆటల్లో కంటే అక్కడ బంతి చాలా వేగంగా వచ్చేది. ఒక మ్యాచ్‌లో గోల్ ముందు నిలబడినప్పుడు, దగ్గర్నుంచి తన్నిన బంతి మొహం మీదికి వస్తే, ముబారక్ చేతులు లేచాయి. టక్కున పట్టేశాడు! గోల్‌కీపర్ తప్ప ఇంకెవరు చేత్తో ముట్టినా తప్పు. గోల్ ముందు ముడితే ఎదుటివాళ్లకు పెనాల్టీ. ఆ మ్యాచ్ ఓడిపోయారు. బంతి చేతుల్లో పెట్టుకుని వీడు నిలబడిన తీరు చూసి, పక్కన పేర్చుతాడేమో అనిపించిందని తోటి ఆటగాళ్లు నవ్వారు. కొన్నాళ్లకు మళ్లీ అదే జరిగింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

కోచ్ శివకుమార్ కోలారు వైపు మనిషి, తెలుగు వచ్చు. కోప్పడకుండానే చెప్పాడు. "నీ కాళ్లకు నేను నేర్పేది ఏమీ లేదు. నీ చేతులను మాత్రం టీమ్‌లో పెట్టుకోలేను. సీజన్ అయిపోయింది. కుప్పంలో ఒక మ్యాచ్ పెట్టుకున్నాం. క్లబ్ వాళ్లొస్తారు. నిన్ను ఉంచుకోవాలా వద్దా అనేది దాని తర్వాత చెప్తారు. అంతదాకా ఇంటికి పో."

ముబారక్ పుంగనూరుకు వచ్చాడు. బిడ్డ మొహం చూడగానే తల్లి జైనాబ్‌కు విషయం తెలిసిపోయింది. వెంకటప్ప వచ్చి వాడి చేతులు వెనక్కి కట్టి ఆడించాడు. అది కుదరలేదు. పరుగెత్తేవాడికి నిలకడ చేతుల్లోనే ఉంటుంది. కట్టేస్తే ముబారక్ మలుపు దగ్గర బోర్లా పడ్డాడు. చేతులు పరుగులో ఆడాలి, బంతి మొహం మీదికొచ్చే ఒక్క క్షణం మాత్రం లేవకూడదు.

ఖాజా రెండు రోజులు గట్టున కూర్చుని ఇదంతా చూశాడు. మూడోనాడు భార్యతో అన్నాడు. "జైనాబ్, ఆ చేతులకు పని నేర్పింది నేను. అవి లేస్తాండేది నా వల్లే. ఊరికే ఉండమంటే ఉండవు. ఏదన్నా పట్టుకోను ఇయ్యాల."

జైనాబ్ బొంతలు కుట్టే మనిషి. కొడుకు నిక్కరుకు వెనకవైపు, నడుము దగ్గర, పాత చీర పేలికలతో గట్టి ముడులు రెండు కుట్టింది. రొమ్ము మీద వేసుకోవడానికి బొంతలాంటి చొక్కా ఒకటి కుట్టింది. చెల్లెలు ఉజ్మా అన్నను చూసి, "అమ్మీ, దీనికి తోక గూడా పెట్టు," అని పడీపడీ నవ్వింది.

మరుసటి రోజు, మండీలో పని ఒత్తిడి తగ్గిన వేళ, ఖాజా ఖాళీ బాక్సులున్న లారీ ఎక్కాడు. ముబారక్ కింద నిలబడ్డాడు. ఇన్నేళ్లూ "పట్టుకోరా" అని అరిచిన గొంతే ఇప్పుడు "పట్టుకోబాకరా!" అని అరిచింది. బాక్సు వచ్చింది. ముబారక్ చక్కగా పట్టుకున్నాడు.

హమాలీలు గొల్లుమన్నారు. "ఖాజా, నువ్వు బలే మేస్త్రీవి. నేర్పినావంటే పోదే!" అన్నాడు ఎల్లప్ప. ఆయన ఖాజాతో కలిసి ముసలివాడవుతున్న హమాలీ.

"నవ్వింది సాలుగానీ, నువ్వూ ఎక్కి ఇసురప్పా. చెయ్యి మారితే వానికి మంచిది."

ఎల్లప్ప ఎక్కాడు. ఆ తర్వాత రోజూ ఎవరో ఒకరు ఎక్కారు. కూలి లేదు, అడిగినవాళ్లూ లేరు. రామసముద్రం నుంచి సరుకు తెచ్చిన రైతులు కూడా ఆగి, తమాషా చూసి, తలా ఒక బాక్సు విసిరిపోయారు. పడిన బాక్సులు ముబారక్ ఏరి మళ్లీ పైకి అందించేవాడు. ఖాజా మాత్రం కొడుకు రొమ్ముకు బాక్సు తగిలి కింద పడిన ప్రతిసారీ కళ్లు మూసుకునేవాడు. మొహానికి తగులుతుందనే భయం కొంత. మిగతాది ఏమిటో పనిచేసే మనిషికి నేను చెప్పక్కర్లేదు. తన కొడుకు చేతికి తానే ఇచ్చిన పనితనాన్ని తానే తీసేస్తున్నాడు.

మెల్లగా ముబారక్ చేతులు ముడుల వైపు పోవడం నేర్చుకున్నాయి. చివరికి జైనాబ్ ముడులు విప్పేసింది. ఏమీ లేకపోయినా చేతులు నిక్కరు అంచును వెతుక్కుని పట్టుకున్నాయి.

కుప్పం మ్యాచ్‌కు నేనూ వెళ్లాను, వాడి బూటు అట్ట నేనే వేశాను కాబట్టి. మైదానం చుట్టూ జనం తెలుగు, తమిళం, కన్నడం కలిపి అరుస్తున్నారు. ఖాజా మాత్రం గట్టున కూర్చుని, తువ్వాలు నోట్లో కుక్కుకుని ఉన్నాడు. ఆట ముగింపుకొచ్చింది. ముబారక్ వాళ్లు ఒక గోల్ ముందున్నారు. తమిళనాడు జట్టు కుర్రాడు గోల్ దగ్గరికి దూసుకొచ్చి, మూడడుగుల దూరం నుంచి బలంగా తన్నాడు. బంతి నేరుగా ముబారక్ మొహం మీదికి వచ్చింది.

చేతులు వెనక్కి పోయాయి.

బంతి మూతికి తగిలిన చప్పుడు గట్టు మీదికి వినిపించింది. పెదవి చిట్లింది. రక్తం కారుతుండగానే ముబారక్ బంతిని దూరంగా తన్నేసి, తర్వాత కింద కూర్చున్నాడు. ఖాజా తువ్వాలు తీసి, "మూతి పగిలింది, అల్లా దయ!" అని గట్టిగా అన్నాడు. చుట్టుపక్కల వాళ్లు పిచ్చివాణ్ణి చూసినట్టు చూశారు.

శివకుమార్ వచ్చి ముబారక్ గడ్డం పట్టి పెదవి చూశాడు. "ఆ అలవాటు ఎవరు మాన్పించారు?" అని అడిగాడు.

"చానామంది సార్," అన్నాడు ముబారక్. "మండీలో."

క్లబ్ వాళ్లు ఇంకో రెండు సీజన్లకు తీసుకున్నారు. బెంగళూరుకు వెళ్లేముందు ముబారక్ పుంగనూరు నుంచి మిఠాయి డబ్బాలు పట్టుకుని మండీకి వచ్చాడు. నాతో మొదలుపెట్టి, వెంకటప్పకు, హమాలీలందరికీ, ఆఖరికి బాక్సులు కడిగే ఆడవాళ్లకు కూడా తన చేత్తో పెట్టాడు. పేరు తెలియనివాళ్ల దగ్గర పేరడిగి మరీ పెట్టాడు. ఖాళీ డబ్బా పక్కన పెట్టి, నాయనకు చెప్పిపోదామని లారీ దగ్గరికి నడిచాడు.

పైన ఖాజా పనిలో ఉన్నాడు. కింద పట్టాల్సిన ఎల్లప్ప నోట్లో మిఠాయి పెట్టుకుని పక్కకు పోయాడు. కింద ఎవరున్నారో చూడకుండానే ఖాజా "పట్టు!" అని బాక్సు విసిరాడు.

ముబారక్ చేతులు వెనక్కి పోయాయి. బాక్సు రొమ్ముకు తగిలి, దొర్లుకుంటూ నా అంగడి ముందుకొచ్చి ఆగింది.

మండీ ఒక్కసారిగా నవ్వింది. "ఖాజా!" ఎల్లప్ప నోట్లో మిఠాయితోనే అరిచాడు. "మీవోడు బాక్సు కింద పడేసినాడప్పా! ఈరోజు సూసినాం!"

ఖాజా లారీ దిగాడు. కొడుకు రొమ్ము తడిమి చూశాడు. నా దగ్గరికొచ్చి బాక్సు తీసుకుని, దుమ్ము దులిపి, తానే తీసుకెళ్లి వరసలో పేర్చాడు.

"పోరా, బస్సుకు టైమయితాండాది," అన్నాడు. "ఈడ పట్టేదానికి మేముండాం."