గుండీకి ఛాతీ పట్టీ

మా వదిన మిషను మీద నలభై ఏళ్ళు కూర్చుంది. మా అన్నయ్య పోయాక ఆ మిషనే మా ఇద్దరికీ తిండి పెడుతోంది. తను కత్తిరించి కుడుతుంది, నేను కాజాలు తీసి గుండీలు కుడతాను. ఆడపడుచునన్న హోదా మాత్రం వదులుకోలేదు, రోజుకి రెండుసార్లయినా దెబ్బలాడతాను.

తొక్కీ తొక్కీ ఆమె కాళ్ళు వాచిపోయాయి. రోజూ నడవమన్నాడు డాక్టరు. "పనీపాటా లేకుండా వీధిలో తిరిగితే చూసేవాళ్ళు ఏమనుకుంటారు?" అనేది. అన్నయ్య పోయాక ఐదేళ్ళు, దారం కొనడానికి తప్ప గడప దాటలేదు. చివరికి ఆమెని గడప దాటించింది ఓ కుక్క.

మా పై అంతస్తులో బ్యాంకు ఆవిడ, ఆవిడ భర్త ఉంటారు. జానెడు కుక్కపిల్లని కొని తెచ్చుకుని, పొద్దున్నే గదిలో పెట్టి తాళం వేసి పోయేవారు. అది సాయంత్రం దాకా తలుపు గీకుతూ ఏడ్చేది. నాలుగు రోజులు విని విని, వదినే పైకెళ్ళి, "పొద్దునోసారి, సాయంత్రమోసారి నేను తిప్పుతానమ్మా" అంది. తాళంచెవి ఇచ్చారు. డబ్బిస్తామంటే వద్దంది. నాకు ఒళ్ళు మండింది. ఊరికే చేసే పనికి విలువుంటుందా? ఆ మాట మొహానే అన్నాను. వింటేగా!

వాళ్ళు పెట్టిన పేరు మాకు నోరు తిరగలేదు. నల్లగా గుండ్రంగా ఉందని వదిన దాన్ని గుండీ అంది.

తిప్పడంలోనూ కుట్టుపనిలో ఉన్నంత చాదస్తమే. రోజూ అదే వేళ, అవే రెండు వీధులు. బయల్దేరేముందు చెయ్యి తిరగేసి రోడ్డు మీద ఆనించి ఐదు లెక్కపెట్టేది. తన చెయ్యి కాలిందంటే ఆ పూట నడక చెట్టు నీడ వరకే. రోడ్డు పక్కన తాడు జానెడు, పార్కులో బారెడు. ఇస్త్రీ కొట్టు దగ్గర పెద్ద కుక్కలుంటాయని ముందే అవతలి పక్కకి మారేది. మెడకి మాత్రం తాడు కట్టనిచ్చేది కాదు. "వేలెడంత పీక దానిది. లాగితే నలిగిపోదూ?" అని కేన్వాసు గుడ్డకి లోపల మెత్తటి నూలు వేసి, ఛాతీ చుట్టూ వచ్చేలా పట్టీ కుట్టింది.

ఏడాది తిరిగేసరికి కాళ్ళ వాపు తీసింది. అంతకంటే వింత, మా వదిన మళ్ళీ నవ్వడం మొదలుపెట్టింది. ఇంటికొచ్చి గుండీ ఎవరిని చూసి మొరిగిందో, ఎవరి చెప్పు నాకిందో పూస గుచ్చినట్టు చెప్పేది. అబ్బ, ఊరుకో వదినా, అని విసుక్కునేదాన్ని. ఎంత పొగరు నాకు!

బడి యూనిఫారాలు నెత్తిన పడిన వారంలో గుండీ ఆ పట్టీని కొరికి పీలికలు చేసింది. సెలవు రోజు కదా, బ్యాంకు ఆవిడ దిగొచ్చి, ఇవాళ తామే తిప్పుకుంటామని చెప్పి, ఆ పీలికలు మా గుమ్మంలో పెట్టి వెళ్ళింది. కొలత కోసం ఇచ్చే పాత బట్టని మేం ఆది అంటాం. వదిన ఏనాడూ ఆది చూసి కత్తిరించి ఎరగదు. మనిషి రావాల్సిందే, టేపు ఒంటి మీద పడాల్సిందే. ఆ రోజూ పైకెళ్ళి కొలుచుకొస్తానని లేచింది. "అదేమన్నా పెళ్ళికూతురా? ఆ పీలికలే ఆది అనుకుని కత్తిరించు. అవతల అరవై చొక్కాలున్నాయి" అన్నాను నేను. పాపం, కత్తిరించింది.

మర్నాడు పొద్దున గుండీ బొచ్చంతా గొరిగించుకుని దిగింది. ముందురోజే చేయించారట, మాకొక్క మాట చెప్పలేదు. సగానికి సగమైపోయింది. పట్టీ కింద రెండు వేళ్ళు పట్టాల్సిన చోట నాలుగు పట్టాయి. "ఓ కుట్టు వేసి బిగించాలే" అంది వదిన. "ఒక్క పూటకి కొంపేం మునగదు, ఎండెక్కకముందే తిప్పుకుని రా" అన్నాను. అవును, అదీ నేనే.

మలుపులో లారీ ఒకటి చెవులు పగిలేలా హారను కొట్టింది. గుండీ బెదిరి వెనక్కి గుంజుకుంది. పట్టీ తల మీదుగా ఊడొచ్చింది. అది రోడ్డుకి అడ్డంగా పరుగెత్తింది. స్కూటరు మీద వస్తున్నాయన బ్రేకు కొట్టి కింద పడ్డాడు, మోకాలు చెక్కుకుపోయింది. గుండీకి ఏమీ కాలేదు. నడిరోడ్డు మీద నిలబడి వణుకుతుంటే వదిన పరుగున వెళ్ళి ఎత్తుకుంది.

నోరు మూసుకుంటే ఎవరికీ తెలిసేది కాదు. మహాతల్లి తిన్నగా పైకెళ్ళి తనే చెప్పింది. పట్టీ వదులైంది, తప్పు నాదే అంది. నా పేరు ఎత్తలేదు.

బ్యాంకు ఆవిడ అరవలేదు. "పర్లేదండీ. పెద్దవాళ్ళయ్యారు, మీకూ కష్టమే. రేపట్నుంచి మనిషిని పెట్టుకుంటాం" అని తాళంచెవి తీసేసుకుంది. అంతకంటే నాలుగు తిట్టినా బాగుండేది.

వచ్చినవాడికి నేను నడక మేస్త్రీ అని పేరు పెట్టాను. యాభై ఏళ్ళవాడు. ఒక చేతిలో నాలుగు కుక్కలు, రెండో చేతిలో ఫోను. ఎండ చూడడు, నీడ చూడడు. గుండీ మెడకి సన్నటి గొలుసు. మా గుమ్మం రాగానే గుండీ చతికిలబడేది, వదిన కోసం మూలిగేది. వాడు వెనక్కైనా తిరక్కుండా లాగేవాడు. ఇది కాళ్ళు తన్నిపెట్టి ఇటు లాగేది. గొలుసు బిగిసి ఖళ్ళుఖళ్ళున దగ్గేది. రెండు పూటలా ఇదే వరస. పది రోజులకి ఆ దగ్గు పైనుంచి కూడా వినిపించసాగింది.

వదిన పట్టీ విప్పి, బిగించి కుట్టి, పైకి పట్టుకెళ్ళింది. నేనూ వెంట వెళ్ళాను.

"మెడకి వద్దమ్మా, పీక దెబ్బతింటోంది. ఇది కట్టమనండి, సరిచేశాను."

"అదేగా ఊడిపోయింది?" అంది బ్యాంకు ఆవిడ. "ఆయనకిది పదేళ్ళ పనండీ. మీరేం కంగారు పడకండి."

తలుపు వేసుకుంది. ఇంత నోరున్నదాన్ని, వదిన వెనకే మెట్లు దిగొచ్చాను. ఏమని అనను? వదులు చేయించింది నేనైతే!

మర్నాడు నడక మేస్త్రీ వచ్చే వేళకి వదిన మగ్గుతో నీళ్ళు పట్టుకుని గుమ్మంలో నిలబడింది. గుండీ తోక ఊపుకుంటూ వచ్చి కూర్చుంది. వదిన ఆ నీళ్ళు దాని మొహాన కొట్టింది.

"పో! ఛీ, పో ఇక్కణ్ణించి!"

ఆమె గొంతు అంత పైకి లేవడం నేనెన్నడూ వినలేదు. గుండీకి అర్థం కాలేదు, మళ్ళీ దగ్గరికి రాబోయింది. వదిన చెప్పు తీసి నేలకేసి కొట్టింది.

"నీకేమైనా పిచ్చి పట్టిందా వదినా?" అని చెయ్యి పట్టుకున్నాను.

"ఇక్కడ ఆగితేనేగా వాడు లాగేది? నేనంటే భయముంటే ఆగదు."

సాయంత్రం మళ్ళీ అదే పని చేసింది. రెండో రోజూ చేసింది. ఎదురింటాయన అందరికీ వినబడేలా, "నోరులేని జీవం మీద ఇంత కసా ఈవిడకి!" అన్నాడు. వీధిలోకి దిగి దులిపేద్దామనుకున్నాను. వదిన నన్ను లోపలికి లాగింది. "అననీ" అంది.

మూడో రోజు వదిన గుమ్మంలోకి వెళ్ళలేదు. వీధికి వీపు పెట్టి మిషను దగ్గరే కూర్చుంది. కిటికీలోంచి నేనే చూశాను. మా వాకిలి ఇంకా రాకముందే గుండీ తోక కాళ్ళ సందున దోపుకుని, అవతలి గోడకి ఒరుసుకుంటూ, ఇటు తల తిప్పకుండా గబగబా వెళ్ళిపోయింది. గొలుసు బిగియలేదు.

"దగ్గిందా?" అని అడిగింది వదిన.

"లేదు వదినా."

"రేపు కూడా నువ్వే చూసి చెప్పు" అంది.