ఎదురుగా ఉన్న ఫైలు

మా ఇంట్లో ఆగిపోయినదాన్ని దేన్నైనా కొట్టే నడిపించేవారు. మేం వలస వెళ్ళిన సూరత్‌లోని బమ్రోలిలో మాకు నాలుగు సాంచాలు ఉండేవి. మరమగ్గాన్ని మేం సాంచా అనే అంటాం. అది మొరాయిస్తే బాపు పానా తీసుకుని పక్క ఇనుము మీద ఒక్కటి వేసేవాడు. చాలాసార్లు కదిలేది కూడా. అందుకే ఆయనకు దెబ్బ మీద అంత గురి. తమ్ముడి మీదా, నా మీదా అదే విద్య ప్రయోగించాడు. ఆ గురి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

చీర అంచుల డిజైన్లు వేసే సాఫ్ట్‌వేర్ ఒకటి మేడ మీద గదిలోని కంప్యూటర్‌లో ఉండేది. విదేశీ సరుకు, విండోస్ కోసం చేసింది. వైరస్‌లతో విసిగి తమ్ముడు ఆ కంప్యూటర్‌లో లినక్స్ వేశాడు. దాని మీద ఎమ్యులేటర్ పెట్టి, ఇది విండోసేనని సాఫ్ట్‌వేర్‌ను నమ్మించి నడిపేవాడు. మగ్గాల పని తనవల్ల కాదని, కంప్యూటర్ కొలువు చూసుకుంటానని అప్పటికే ఇంట్లో చెప్పేశాడు. బాపుకు ఆ మాట మింగుడుపడలేదు.

ఒక ఉదయం తమ్ముడు ఎమ్యులేటర్‌ను అప్‌డేట్ చేశాడు. ఆ తర్వాత సాఫ్ట్‌వేర్ తెరుచుకోలేదు. ఫలానా లైబ్రరీ ఫైలు దొరకలేదని స్క్రీన్ మీద వచ్చింది. అలాంటి ఫైళ్ళను ఎన్నో సాఫ్ట్‌వేర్లు కలిసి వాడుకుంటాయి, ఒక్కటి లేకపోయినా పని జరగదు. వాడు నెట్ నుంచి ఆ ఫైలు దించి ఫోల్డర్‌లో పెట్టాడు. మళ్ళీ అదే మాట. కొత్త డిజైన్ ఎక్కక కింద సాంచాలు ఆగిపోయాయి. బాపు పైకి వచ్చి మా వెనక నిలబడి, స్క్రీన్ అడిగిన పేరూ, ఫోల్డర్‌లోని పేరూ అక్షరం అక్షరం పోల్చి చూశాడు.

"గిదే గద అది అడిగేది? గీడనే ఉంది గద! కండ్ల ముంగట పెట్టుకొని లేదంటవేందిరా?"

"ఉన్నది బాపూ. గని దానికి కనవడ్తలేదు."

"నాకు కనవడ్తది, దానికి కనవడదా? సాంచాలు బంద్ పెట్టాలనే చేసినవ్ గిదంత. ఆర్డరిచ్చిన సేఠ్‌కు ఏం జవాబియ్యాలె?"

మొదటి దెబ్బ చేత్తోనే పడింది, ఎడమ చెవి మీద. తమ్ముడు కుర్చీతో సహా కూలాడు. తర్వాత బాపు మూలనున్న పాత మోటారు బెల్టు పట్టా తీశాడు. నేను అడ్డం వెళ్తే ఒకటి నా భుజం మీద పడింది. ఒక్క తోపుకి వెళ్ళి బీరువాకు కొట్టుకున్నాను. ఇక ఆయన్ను ఆపగలిగేది ఆ సాఫ్ట్‌వేర్ తెరుచుకోవడం ఒక్కటేనని కీబోర్డు ముందు కూర్చున్నాను. వెనక పట్టా చప్పుడు, తమ్ముడి అరుపులు. పానా అందుకుని బాపు తల పగలగొట్టాలనిపించింది. నిజంగానే అనిపించింది.

ఫైలు వివరాలు తెరిచాను. అది అరవై నాలుగు బిట్లది. మా సాఫ్ట్‌వేర్ పాతకాలంది, ముప్పై రెండు బిట్లది. పేరు ఒకటే అయినా తనకు పనికిరాదు కాబట్టి దాన్ని దాటేసి, దొరకలేదని చెబుతోంది. సరైనది దించడం మొదలుపెట్టాను. నెట్‌ది నత్తనడక.

"ఆగు బాపూ, అయితుంది, జర ఆగు!" అని అరుస్తూనే ఉన్నాను. ఆయన ఆగలేదు. ఫైలు వచ్చింది, ఫోల్డర్‌లో ఉన్నది తీసేసి దీన్ని పెట్టాను. సాఫ్ట్‌వేర్ తెరుచుకుంది.

బాపు పట్టా దించి స్క్రీన్ చూశాడు. "చూసినవా? నాలుగు వడ్తెగని తొవ్వకు రాలే," అన్నాడు తృప్తిగా. డిజైన్‌ను పెన్‌డ్రైవ్‌లో వేయించుకుని కిందికి వెళ్ళిపోయాడు. తన దెబ్బే బాగుచేసిందని ఆయన నమ్మాడు. నాకు తగిలిన దెబ్బకన్నా ఆ తృప్తే నన్ను ఎక్కువ కాల్చింది. కాసేపటికి సాంచాల మోత మొదలైంది.

తమ్ముణ్ణి లేపి గోడకు ఆనించి కూర్చోబెట్టాను. పెదవి చిట్లింది, చొక్కా వీపున చిరిగింది.

"ఏం తప్పువోయింది అన్నా?" అని అడిగాడు.

వాడి ఎడమ పక్కన కూర్చుని, ఆ మోతలో వినపడేలా గట్టిగా బిట్ల సంగతంతా చెప్పాను. వాడు నా పెదాల వైపే చూస్తూ ఉన్నాడు. తర్వాత మెల్లగా మొహం తిప్పి కుడి చెవి నా వైపు పెట్టాడు.

"గీ చెవ్వుల చెప్పన్నా. అండ్ల ఏం ఇనవడ్తలేదు."