పూత రోజుల్లో మద్రాసు

మొన్న మాఘమాసం చివర్లో మా అమ్మాయీ అల్లుడూ చెన్నైకి పోతూ నన్ను కూడా కారులో కూర్చోబెట్టుకున్నారు. తిరుపతిలో కాఫీ తాగి బయలుదేరితే భోజనం వేళకంతా సముద్రానికి ఎదురుగా ఒక గదిలో ఉన్నాము. కిందా పైనా అన్ని గదులకూ తాళాలే. ఇసుకలో బజ్జీల బండ్లు కూడా సగానికి సగం గోనెపట్టలు కప్పుకొని ఉన్నాయి. పిల్లల పరీక్షల కాలం కదా, ఇప్పుడు ఎవరూ రారు, ఇది సీజన్ కాదమ్మా, అందుకే ఇంత మంచి గది దొరికింది అని మా అమ్మాయి సంబరంగా చెప్పింది. నేను తలూపాను గానీ ఆ మాట నాకు అంత సులభంగా మింగుడు పడలేదు. మామిడి తోటల్లో పుట్టి పెరిగిన మనిషికి మాఘం సీజన్ కాదని చెప్తే ఎలా నమ్ముతుంది?

మా ఊరు బంగారుపాళ్యం దగ్గర, పెద్ద రోడ్డు నుంచి కొంచెం లోపలికి. ఇప్పుడు ఆ రోడ్డు పొడవునా మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు వచ్చాయి గానీ నా చిన్నప్పుడు రోడ్డూ, దాని మీద లారీలూ, రెండు పక్కలా తోటలూ, అంతే. కాయ దించేది ఎండాకాలంలో అయినా మా ఇంట్లో అందరికీ ప్రాణం మీదికి వచ్చేది మాఘంలోనే. ఆ నెలలో పూత వస్తుంది, పూతతో పాటు మంచు వస్తుంది, మంచుతో పాటు పురుగు వస్తుంది. మాఘంలో ఎన్ని పెళ్ళిళ్ళు ఉంటాయో మీకు తెలుసు. మా నాయన ఒక్క పెళ్ళికీ వెళ్ళేవాడు కాదు. అమ్మను పంపించి, తాను మాత్రం మెడ పైకెత్తుకొని చెట్ల కింద తిరుగుతూ ఉండేవాడు. బంధువులు ఆయనకు గర్వం అనుకునేవాళ్ళు. అది గర్వం కాదు, భయం.

అలాంటి మనిషి పూత రోజుల్లో తోటను వదిలి మద్రాసు వెళ్ళవలసి వచ్చింది. కారణం కన్ను. ఆయనకు కుర్రతనంలోనే చెరుకు ఆకు కోసుకొని ఎడమ కన్ను పోయింది. మిగిలిన కుడి కంటికి పొర కమ్మడం మొదలయింది. ఇప్పుడైతే పొద్దున ఆపరేషన్ చేసి మధ్యాహ్నానికి ఆటోలో ఇంటికి పంపిస్తున్నారు గానీ, ఆ కాలంలో కంటి ఆపరేషన్ అంటే చలికాలంలోనే చేయించుకోవాలి, ఎండలు ముదిరితే చీము పడుతుంది అని మా వైపు అందరికీ గట్టి నమ్మకం. చలి పోయేలోపల చేయించుకోవాలి, పూత వచ్చాక ఊరు కదలకూడదు. ఈ రెండింటి మధ్య ఇరుక్కొని నాయన రెండు చలికాలాలు దాటేశాడు. మూడో ఏడు ఒక సాయంత్రం ఇంటికి వస్తున్న మా పాడి ఎనుమును చూసి, ఎవరో చుట్టాలు వస్తున్నారనుకొని, ఎవురబ్బా అది, లోపలికి రాండి అన్నాడు. మేము నవ్వాము. అమ్మ నవ్వలేదు. ఆ వారమే మద్రాసులో పెద్దాసుపత్రికి ప్రయాణం ఖాయం చేసింది.

తోడు వెళ్ళింది నేను. అప్పుడే చిత్తూరులో బి.ఎ. ముగించి ఇంట్లో ఉన్నాను. అవ్వ గుడియాత్తం వైపు మనిషి కావడంతో నాకు అరవం చదవడం కూడా వచ్చు. అమ్మ రావడానికి వీల్లేదు. తమ్ముడి బడి, ఎనుములు, అన్నిటికీ మించి తోట. నాయన దిగులంతా అదే. పెళ్ళయిన నాటి నుంచీ అమ్మ ఆయన వెనకే ఆ తోటలో తిరుగుతున్నా, పాలు పిండడం, కూలోళ్ళకు సంగటి వండడం తప్ప ఆమెకు తోట సంగతి ఏమీ తెలియదని ఆయన ఖాయంగా అనుకునేవాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. బస్సు ఎక్కేదాకా ఏ చెట్టుకు ఏ మందు ఎప్పుడు కొట్టించాలో చెప్తూనే ఉన్నాడు. అమ్మ ఊ కొడుతూనే ఉంది.

ఆపరేషన్ బాగానే జరిగింది. కొన్నాళ్ళకు ఆసుపత్రి నుంచి పంపించారు గానీ కుట్లు విప్పేదాకా ఊరు దాటకూడదన్నారు. కన్ను కదలకుండా రెండు కళ్ళకూ కట్టు. తల వంచకూడదు, దగ్గకూడదు, బస్సు కుదుపులు అసలే పనికిరావు, కుట్టు తెగిందంటే ఉన్న ఆ ఒక్క కన్నూ దక్కదు అని డాక్టరమ్మ నాకు రెండుసార్లు చెప్పింది. తిరువళ్ళిక్కేణిలో, సముద్రానికి దగ్గరగా, ఒక ముసలామె తన మేడ మీద గదులు అద్దెకు ఇచ్చేది. ఎండాకాలం సెలవుల్లో అయితే వరండాలో కూడా చాపలు పరిచి మనుషుల్ని పడుకోబెడతానని చెప్పింది. మేము వెళ్ళినప్పుడు మాత్రం మేడంతా మాదే. మొదటి సాయంత్రం నాయన మంచం మీద కూర్చొని చాలాసేపు చెవులు రిక్కించి విని, "ఇన్ని లారీలు యాడికి పోతా ఉండాయి?" అని అడిగాడు. అది సముద్రం నాయనా అన్నాను. ఓహో అని, ఈపాటికి పల్లం వైపు చెట్లు పూసుంటాయా అన్నాడు.

నిజం చెప్పాలంటే నాకు మాత్రం ఆ ఊరు నచ్చింది. జనం తాకిడి లేని మద్రాసును మన కాలంలో కూడా చాలామంది చూసి ఉండరు. పొద్దున ఎండ కాకముందే ఒడ్డుకు వెళ్తే వలలు బాగుచేసుకునే జాలర్లూ, పరుగెత్తే కుక్కలూ, నేనూ. ఒక వేడి ఇడ్లీ పొట్లం పట్టుకొని ఎవరూ పిలవని చోట కూర్చోవడం నా జీవితంలో అదే మొదలు. గదికి తిరిగి వస్తే మళ్ళీ తోట మాటే.

ఆ తోటను మద్రాసుకు తెప్పించే ఉపాయం కూడా నాయనే కనిపెట్టాడు. మా వైపు ఏదైనా బస్సు డ్రైవరు చేతిలో పెడితే చాలు, చేరవలసిన చోటికి చేరేది. ఊరగాయలు, మాత్రలు, పెళ్ళికూతురి రవికె, అన్నీ అలాగే పోయేవి. అమ్మకు వరసకు అన్న అయ్యే ఒక మామ రోజు మార్చి రోజు మద్రాసు బస్సు నడిపేవాడు. ఆయన చేతికి అమ్మ పూత రెమ్మలు తడిగుడ్డలో చుట్టి ఇచ్చేది. నేను మధ్యాహ్నం బస్టాండుకు వెళ్ళి తెచ్చేదాన్ని. నాయన ఆ రెమ్మను ఒళ్ళో పెట్టుకొని ముందు వాసన చూసేవాడు, తర్వాత ఆకును వేళ్ళతో రాసి చూసేవాడు. పురుగు తగిలితే ఆకు జిగటగా ఉంటుంది, దాన్ని తేనెమంచు అంటారు. మొదటిసారి జిగట లేదు. రెండోసారీ లేదు, పైగా ఆవగింజంత పిందెలు వేలికి తగిలాయి. ఆ రోజు ఆయన మేడ ముసలామె వండిన చప్పటి సాంబారు కూడా మెచ్చుకున్నాడు.

మూడో పొట్లం విప్పాను. ఆకులు ముడుచుకుపోయాయి. గుడ్డ ఎండిపోయి అట్టలాగా ఉంది. రెమ్మను ఎత్తగానే పిందెలన్నీ జలజలా రాలాయి. నేను ఏమీ చెప్పకముందే ఆయన చేతులకు తెలిసిపోయింది. ఆ మోడును చాలాసేపు తడిమి మంచం పక్కన పెట్టాడు.

"పోయిందమ్మా తోట," అన్నాడు. "మీ అమ్మకు ఆ సంగతి తెలిసినట్టు కూడా లేదు. మామ బస్సు మళ్ళీ వస్తానే పోతాము. నేను చూసుకుంటేగానీ కాదు."

ఆ కళ్ళ కట్టుతో ఏం చూసుకుంటావు నాయనా అని అడిగాను. ఏడ్చాను కూడా. ఆయన కోప్పడలేదు, అందుకే నాకు ఇంకా భయమయింది. కన్ను ఎట్లనో ఒగట్లా ఉంటాది, తోట పోతే ఏడాది పోయినట్టే అన్నాడు. మేడ ముసలామె మెట్లెక్కి వచ్చి అరవంలో గట్టిగా చీవాట్లు పెట్టింది. గుడియాత్తం సంతలో అరవంలో బేరాలాడే నాయన ఆ రోజు ఒక్క ముక్క రానట్టు కూర్చున్నాడు. నేను మళ్ళీ బస్టాండుకు పరుగెత్తి, తిరుగు బస్సు కదిలేలోపల మామను పట్టుకొని జరిగింది చెప్పాను. అమ్మకు చెప్పండి, ఎల్లుండి మీ బస్సుకే బయలుదేరుతాడంట అన్నాను.

ఆ ఎల్లుండి మధ్యాహ్నం బస్సులో పొట్లం రాలేదు. అమ్మ వచ్చింది. పెట్టె మడతలు పోని పట్టుచీర, చేతిలో ఊరిబిండి పచ్చడి గిన్నె, చెమట పట్టిన మొహం. చిత్తూరు దాటి ఆమె అంత దూరం ఒంటరిగా రావడం అదే మొదటిసారి.  మెట్ల మీద అడుగుల చప్పుడుకే నాయన గుర్తుపట్టాడు. ఎలా వచ్చావని గానీ, ఎందుకు వచ్చావని గానీ అడగలేదు.

"కొమ్మ తెచ్చినావా?"

"తేలేదు."

"తోట ఎట్లుండాది?"

"బాగుండాది. పిందె నిలబడింది."

"మరి ఆ కొమ్మ?"

అమ్మ గిన్నె కింద పెట్టి ఆయన ఎదురుగా నిలబడింది. "ఆ కొమ్మ సంగతి ఇడిసిపెట్టు. పెండ్లయిన కాడి నుంచీ నీ ఎనకాల ఆ తోటలో తిరిగినాను. నేను బాగుండాదంటే బాగుండాది. నా మాట మీద నమ్మకముంటే ఈడ పండుకో. లేదంటే లెయ్యి, సాయంత్రం బస్సు పోతాది, నేనే చెయ్యి పట్టుకొని ఎక్కిస్తాను."

అమ్మ ఆయనతో అలా మాట్లాడగా నేను అంతకు ముందు వినలేదు. నాయన కట్టు కట్టిన మొహం ఆమె వైపు తిప్పాడు. లేస్తాడేమో, లేస్తే ఆ కన్ను సంగతేమిటి అని నేను గోడకు ఆనుకొని నిలబడ్డాను. చివరకు ఆయన మెల్లగా వెనక్కి ఒరిగి తలగడ సర్దుకున్నాడు.

"పాపా, మీ అమ్మకు అన్నం పెట్టు," అన్నాడు. "ఎప్పుడు తినిందో ఏమో."

అమ్మ తిరుగు బస్సుకు ఇంకా వేళ ఉండడంతో సాయంత్రం ఆమెను సముద్రం చూపిస్తానని తీసుకెళ్ళాను. ఒడ్డంతా ఖాళీ. చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకొని మోకాలి దాకా నీళ్ళలో నిలబడి, ఇన్ని నీళ్ళుండి ఒక చెట్టుకు పనికిరావు కదా అంది. తర్వాత ఇసుకలో కూర్చొని, నేను అడగకుండానే, కొమ్మ సంగతి చెప్పింది. వచ్చేటప్పుడు మామ ఆమెను ముందు సీట్లో కూర్చోబెట్టాడట. డ్రైవరు పక్కన ఇంజను మీద మూత ఉంటుంది చూడండి, ఆయన తన అన్నం క్యారియరు వేడిగా ఉంటుందని దాని మీదే పెట్టుకుంటాడు. మొన్న కొమ్మ యాడ పెట్టినావన్నా అని అడిగితే, ముందు మాదిరి సీటు కింద కాకుండా ఈసారి మర్యాదగా ఆడనే పెట్టినానమ్మా అన్నాడట. అంత దూరం ఆ వేడి మీద వస్తే ఏ పిందె నిలుస్తుంది?

మరి ఆ ముక్క నాయనకు చెప్పలేదే అన్నాను.

"చెప్పింటే ఇంజన్ను నమ్మి ఆగింటాడు," అంది అమ్మ. "నన్ను నమ్మి కాదు."

ఇసుక దులుపుకుంటూ, పల్లం వైపు నాలుగు చెట్లకు తేనెమంచు తగిలింది, మందు కొట్టించినాను, నిలబడతాయనే అనుకుంటా ఉండాను అని మెల్లగా చెప్పింది. ఇంక తోటకు ఏమన్నా అయితే పోయేది కాయ కాదు, నా మాట అంది.  నేను ఆమె చేయి పట్టుకున్నాను. బస్సు వేళ అయ్యేదాకా అలాగే కూర్చున్నాము.

అనుకున్న రోజుకు కుట్లు విప్పారు. కన్ను దక్కింది. సోడాబుడ్డి కళ్ళద్దాలు పెట్టుకొని నాయన బస్సు కిటికీలోంచి ప్రతి బోర్డూ పైకి చదువుకుంటూ ఊరు చేరాడు. ఆయన నేరుగా తోటకే పోతాడని తెలిసి తమ్ముడు చెప్పులు వేసుకొని సిద్ధంగా ఉన్నాడు. నాయన కాళ్ళు కడుక్కొని అరుగు మీద కూర్చున్నాడు. అమ్మ మజ్జిగ తెచ్చి ఇచ్చింది.

"తోట ఎట్లుండాది?" అని అడిగాడు.

బాగుండాది అంది అమ్మ.

సరే అని, మజ్జిగ తాగి, తువ్వాలు పరుచుకొని పడుకున్నాడు. ఇంకా బోలెడంత పొద్దు ఉంది. కంట్లో కొత్త చూపు ఉంది. తోట నాలుగడుగుల దూరం. అయినా ఆ సాయంత్రం ఆయన వెళ్ళలేదు. అమ్మ వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు.

ఇద్దరూ పోయి చాలా ఏళ్ళయింది. తోటను ఇప్పుడు తమ్ముడు చూస్తున్నాడు. పూత రోజుల్లో వాడి ఫోను ఊరికే ఉండదు. ఫ్యాక్టరీవాళ్ళు ఫొటో పంపమంటారు, మందులవాడు పంపమంటాడు, ఇంట్లో మరదలు కూడా దగ్గరగా తీసి ఇంకొకటి పంపమంటుంది. వాళ్ళను ఏమనడానికి, నేనూ అడుగుతాను. ఈ ఏడు కూడా పంపాడు, చెన్నైలో ఆ గది కిటికీ దగ్గర కూర్చొని వేళ్ళతో పెద్దవి చేసుకొని చూశాను. ఒక్కొక్క పిందె కనబడింది. అయినా మనసు ఆగక వాడికి ఫోను చేసి, తోట ఎట్లుండాదిరా అని అడిగాను.

"ఫొటో పంపినాను కదక్కా," అన్నాడు. "సూసుకో."

చూశానని చెప్పి పెట్టేశాను. వాడిది తప్పేమీ లేదు. ఒక మనిషి బాగుండాది అంటే, ఇక చూడనవసరం లేదని తువ్వాలు పరుచుకొని పడుకోవడం మా ఇంట్లో ఒక్క సాయంత్రమే జరిగింది. దాన్ని వాడికి ఎలా పంపేది?