వీధి అరుగు

మా ముత్తాత సంస్థానానికి దివాను. మా తాతగారు పన్నెండు ఊళ్ల తగవులు మా వీధి అరుగు మీద కూర్చుని తీర్చేవారు. ఆయన ఊళ్లో లేని రోజున కూడా ఆ అరుగు మీద ఇంకొకరు కూర్చునే వీల్లేదు.

2009లో ఒకసారి అమెరికాలో, రాలీ ఊరి బస్ స్టేషన్‌లో చాలాసేపు నిలబడే ఉన్నాను. బెంచీ మీద మిగిలిన ఒక్క చోటులో ఎవరో అమ్మాయి బ్యాగు పెట్టుకుని, పెన్సిల్‌తో బొమ్మ వేసుకుంటోంది. బ్యాగు తీయమని అడగడం నాకు అలవాటు లేదు. నా చేతిలోని తెలుగు నవల చూసి ఆమే పలకరించింది.

"అంకుల్, మీరు తెలుగా?"

ఇక్కడే పుట్టిన పిల్లల యాస. ఆర్కిటెక్చర్ చదువు కోసం ఆ వేసవి ఇటలీలోని జెనోవాలో గడిపిందట. ఆ బొమ్మ అక్కడి పాత రేవు దగ్గరున్న ఒకప్పటి ప్రభువుల మేడది. వీధివైపు గోడ పొడవునా రాతి అరుగు ఉంది. దాని మీద ఒకడు చేపల పెట్టె పక్కన పెట్టుకుని నిద్రపోతున్నాడు.

"అంత గొప్పవాళ్ల ఇంటి ముందు వీణ్ణి ఎలా పడుకోనిచ్చారు?" అన్నాను.

"అందుకే కదా అంకుల్, కట్టారు. ఎవరు టైర్డ్ అయితే వాళ్లు కూర్చుంటారు. మీ ఊర్లో ఇలాంటివి ఉన్నాయా?"

"మా ఇంటికే ఉండేది."

"సో కూల్. ఎవరైనా కూర్చోవచ్చా?"

"ఎవరైనా," అన్నాను.

ఆమె బ్యాగు తీసి కింద పెట్టి, ఆ చోటును అరచేత్తో తుడిచింది. నేను కూర్చున్నాను. ఆ వారంలో నాతో ఎవరైనా మాట్లాడింది అదొక్కసారే.

మా అరుగు రాళ్లను, ఇల్లు అమ్మడానికి రెండేళ్ల ముందే మా నాన్నగారు బండల వ్యాపారికి అమ్మేశారు.