రైలు బోగీలో చెత్తదనిపించుకున్న గిటారు

2022 వేసవి. ఆమదాలవలసలో స్టేషన్ నుంచి బజారుకు వచ్చే దారిలో నా వాద్యాల కొట్టు. నా దగ్గరకు వచ్చేవాళ్లలో చాలామంది రైలు దిగి వచ్చేవాళ్లే. రైల్లో నా గురించి ఎవరేమన్నా నాకు తెలుస్తుంది. మరిచిపోను కూడా.

కోటబొమ్మాళి వైపు ఒక చర్చిలో పాటల బృందాన్ని నడిపే రత్నమ్మగారు, కొన్ని నెలల ముందు నా దగ్గర చవక గిటారు ఒకటి కొన్నారు. ఆవిడ మెరిసే నీలం గిటారు వైపు వేలు చూపిస్తే వద్దన్నది నేనే. దాని మెడ వంగి ఉంది. చవక గిటారుకు రంగు చూడకూడదు. మెడను కంటికి ఆనించి వంపు చూడాలి. ఫ్రెట్లు, అంటే మెడ మీది లోహపు గీతలు, కొనల దగ్గర గీసుకుంటాయేమో తడమాలి. తీగను ఒట్టిగా ఒకసారి, పన్నెండో ఫ్రెట్ దగ్గర నొక్కి ఒకసారి మీటాలి. అదే స్వరం పై స్థాయిలో పలకాలి. ఇవన్నీ నెగ్గిన గోధుమరంగు గిటారు ఇచ్చాను.

ఆ గిటారునే ఒళ్లో పెట్టుకుని, నేను చెత్త అంటగట్టానని బోగీలో అందరికీ చెబుతూ వచ్చారు. ఆవిడకంటే ముందు ఆ మాట నా కొట్టుకు చేరింది. ఆ దారినే బతికే కొట్టుకు అంతకంటే నష్టం లేదు.

"నొక్కితే ఏళ్లు కోసుకుపోతన్నాయి. ఇదేటి సరుకు బాబూ?"

నిజమే, తీగలు మెడకు చాలా ఎత్తున ఉన్నాయి. ఆ ఎడాన్ని యాక్షన్ అంటారు. మెడ మాత్రం తిన్నగానే ఉంది. తీగలను పట్టి ఉంచే బ్రిడ్జి వెనక చెక్క పొట్టలా ఉబ్బింది. మీటి చూస్తే ఆరు తీగలూ ఉండాల్సిన శృతికి రెండు మెట్లు పైన మోగాయి.

"ఎవరు బిగించారమ్మా?"

"నేనే. మా ఆడోళ్ల గొంతులకి హార్మోనియం ఎంతుంటే అంత లాగినాను. తప్పేటి?"

నెలల తరబడి ఆ లాగుడుకు చెక్క లేచిపోయింది. తీగలు వదులు చేసి గిటారు నా దగ్గరే ఉంచుకున్నాను. చెక్క సర్దుకున్నాక, బ్రిడ్జి మీద తీగలు ఆనే సాడిల్ ముక్కను కాస్త అరగదీశాను. ఆవిడ మళ్లీ వచ్చినప్పుడు మెడకు పెట్టే కాపో అనే క్లిప్పు ఇచ్చాను. రెండో ఫ్రెట్ మీద పెడితే తీగలు లాగకుండానే శృతి ఆ రెండు మెట్లూ పెరుగుతుంది.

ఆవిడ అది పెట్టి వాయించి చూశారు. "బాగున్నాది" అని లేవబోయారు.

"ఇక్కడ చెబితే చాలదమ్మా. బోగీలో చెప్పాలి."

"రైల్లో సాటింపు ఎయ్యమంతావేటి?"

"తిట్టింది రైల్లోనే కదా."

"గిటారుతోటి నీ రోసం కూడా మొయ్యాలన్నమాట" అంటూ వెళ్లిపోయారు.

ఆ తర్వాత ఒకతను రైలు దిగి నేరుగా వచ్చి గోధుమరంగు గిటారు కావాలన్నాడు. బోగీలో ఒకావిడ వాయిస్తూ ఈ కొట్టు పేరు చెప్పిందట. సరుకు మంచిదే గానీ మనిషి మొండోడని కూడా అందట. మొదటి సగం నాకు చాలు. రెండో సగం గుర్తుంచుకున్నాను.

రత్నమ్మగారికి అమ్మినప్పుడు అడగనిది ఈసారి అడిగాను. గిటారు తీయకుండా, ముందు ఒక పాట పాడమన్నాను. అతను బిత్తరపోయాడు. అప్పటి నుంచి నా కొట్టులో అదే పద్ధతి. ఎవరి గొంతు పక్కన మోగాలో వినకుండా ఏ గిటారూ మంచిదని చెప్పను.