తెరేసమ్మ టీచరు సరిహద్దు రాయి

ఉయ్యూరు దగ్గర హైస్కూల్లో ఇరవయ్యారేళ్లుగా లెక్కలు చెబుతున్న తెరేసమ్మ టీచరు ఎవరికీ ఊరికే మార్కులు వేసిన మనిషి కాదు. తొమ్మిదో తరగతి లెక్కల్లో ముప్పైమూడు మార్కులొచ్చి, తప్పి, బడి మానేసిన రత్తయ్య ఇప్పుడు ఆవిడ అరెకరం చెరకుతోటకు పక్కరైతు. ఎదురుపడితే దణ్ణం పెడతాడు. మాట్లాడడు.

ఈ ఏడు, 1974లో, మాట్లాడాడు. ఆవిడ బోరు తన పొలంలో ఉందన్నాడు. అది చనిపోయిన భర్త బాలశౌరి వేయించిన బోరు. కాలువ కట్టేసే వేసవిలో తోట బతికేది ఆ నీళ్లమీదే. వచ్చే ఏడు రిటైరయ్యాక ఆవిడ బతకాల్సింది ఆ తోటమీదే.

సంగతి తేల్చాల్సిన సరిహద్దు మూలరాయి కనబడటం లేదు. పొలం గట్టును ఏటా రత్తయ్య అటునుంచి, బాలశౌరి ఇటునుంచి తలో పార చెక్కగా చెక్కగా లోపల గట్టే లేకుండా పోయింది. ఈ పనిలో ఇద్దరూ సమానంగా కష్టపడ్డారు. ఆ మూలలో కలవాల్సిన రెండు గట్లకూ బయటి కొసలు మాత్రం మిగిలాయి. నిలువెత్తు చెరకులో తాడు లాగడం కుదరదు. కోతయ్యాకే వస్తానన్నాడు సర్వేయరు.

“అంతదాకా ఎందుకు, ఆదివారం నేను తేలుస్తా,” అంది టీచరు.

చర్చిలో పూజ అయ్యాక టేపు తెచ్చింది. కాలువగట్టు ఒక అక్షం, దానికి నిలువుగా పోయే బండ్ల డొంక ఇంకొకటి. ఆ రెంటి మధ్యా ఆవిడ తోట. డొంక మీద ముప్పైనాలుగో గజం దగ్గర మొదలైన గట్టు, లోపలికి పది గజాలు పోయేసరికి కాలువకు ఒక గజం దూరం జరుగుతోంది. కాలువ మీద అరవైనాలుగో గజం దగ్గర మొదలైనది పది గజాలకొక గజం డొంకవైపు వాలుతోంది. రెండు సమీకరణాలు రాసింది. ఒకదాంట్లోని వైని రెండోదాంట్లో పెట్టింది. ఎక్స్ అరవై, వై నలభై.

బోరు, రాయి ఉండాల్సిన చోటు పక్కనే, అరవైమూడో గజంలో, రత్తయ్యవైపు ఉంది.

బాలశౌరి కాలువ దగ్గర గట్టు చూసుకుని, దానికి గజం ఇవతలనుంచి తిన్నగా లోపలికి నడిచి బోరు వేయించాడు. గట్టు తిన్నగా నడవలేదు.

ఆవిడ ఎక్కడైనా తప్పు దొరుకుతుందేమోనని ఆ విలువల్ని రెండు సమీకరణాల్లోనూ నాలుగుసార్లు పెట్టి చూసింది. నాలుగుసార్లూ సరిపోయాయి. రత్తయ్య గునపంతో పక్కనే నిలబడ్డాడు. అరవైఐదని చెప్పినా నమ్ముతాడు. అతనికి లెక్కలు రావని ఆవిడకంటే బాగా తెలిసినవాళ్లు లేరు.

“అరవై, నలభై. బోరు నీదేరా,” అంది.

చెరకు చాలు వెంట లోపలికెళ్లి తవ్వాడు. మూరెడు లోతున గునపం ఖంగుమంది. మట్టి తుడిచి చూస్తే మూలరాయే.

“ఎన్నిసార్లు సరిచూశారండీ?”

“నాలుగుసార్లు.”

“నా పేపరు కూడా అన్నిసార్లు చూశారాండీ?”

“అయిదుసార్లు చూశానురా. ఆ రెండు మార్కులు ఎక్కడా దొరకలేదు.”

రత్తయ్య గునపం భుజానేసుకున్నాడు.

“నీళ్లు పొద్దున మీరు పెట్టుకోండి టీచర్ గారూ. నేను సాయంత్రం పెట్టుకుంటాను.”